గోడ వదిలిన ఆదివారం

మా అమ్మాయి ఐస్ స్కేటింగ్ నేర్చుకుంటానని పట్టుబట్టిన ఏడాదే నా భార్యను మంచం దిగవద్దన్నారు. అంతకు ముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. ఈసారి ఐదో నెల నిండుతుండగా మళ్లీ రక్తం కనపడింది. డాక్టరమ్మ పరీక్ష చేసి, "స్నానానికి, బాత్రూముకు తప్ప లేవకండి. మిగతాది మన చేతుల్లో లేదు" అంది. ఆ చివరి మాట ఆమె మామూలుగానే అంది. నాకు మాత్రం చాలా రోజులు చెవిలోనే ఉండిపోయింది.

అప్పటికి మేం మా ఊరు లాల్‌గడి మలక్‌పేట్ నుంచి పేట్ బషీరాబాద్‌కు మారి కొన్నేళ్లయింది. ఊళ్లో ఉన్న పొలంలో కొంత ప్లాట్లు చేశాను, ఇంకొంతమంది భూములు కూడా ప్లాట్లు చేయించి అమ్మించాను. మేడ్చల్‌లో ఏ ఆఫీసుకు వెళ్లినా ఎవరో ఒకరు కుర్చీ జరిపి కూర్చోమనేవారు. ఏ పనైనా ఒక ఫోనుతో అవుతుందని నాకు అలవాటు పడిపోయిన కాలం అది. ఇల్లు చూసుకోవడానికి ఊరి నుంచి మా అమ్మ వచ్చి ఉంది.

మా అమ్మాయి రెండో తరగతి. క్లాసులో ఒక పిల్ల పుట్టినరోజును సిటీలో కొత్తగా తెరిచిన పెద్ద షాపింగ్ కాంప్లెక్సులో చేశారు. దాని పై అంతస్తులో చిన్న ఐస్ రింక్ ఉందట. మా పిల్ల మోకాళ్ల దగ్గర ప్యాంటు తడిసిపోయి ఇంటికొచ్చింది. ఆ రోజు నుంచీ అదే మాట. నేను పట్టించుకోలేదు. నా భార్యే పిలిచి చెప్పింది.

"దాన్ని తీస్కపో. బడి నుంచి రాంగనే నా పక్కన కూసోని పొట్టనే జూస్తాంది. నేను ఒత్తిగిల్లినా ఉలిక్కి పడ్తాంది. చిన్న పిల్లకు గంత బరువెందుకు?"

"గా ఐసు మీద పడ్తే?"

"పడ్తే పడనియ్యి. ఈడ కూసోనుడు కంటె నయం గద."

అలా ఆదివారం ఆదివారం మా ఇద్దరి ప్రయాణం మొదలైంది. మొదటి రోజు నేను తెల్ల చొక్కా, తోలు చెప్పులతో వెళ్లాను. లోపల ఎముకలు కొరికే చలి. రింక్ చుట్టూ పిల్లల ఛాతీ ఎత్తున గోడ, ఒక పక్క చిన్న గేటు. తల్లిదండ్రులకు బయట బెంచీలు. అద్దెకిచ్చే బూట్ల కింద కత్తిలాంటి ఇనుప పట్టీ ఉంది. అవి మా పిల్లకు పెద్దవైతే రెండు జతల సాక్సులు తొడిగాను. లేసులు నేనే కట్టాను. లేచి నిలబడగానే దాని చీలమండలు రెండూ లోపలికి ఒరిగిపోయాయి. నేర్పే అమ్మాయి ఉత్తరాది పిల్ల, హిందీ తప్ప రాదు. నా ముడులు విప్పేసి, మడమ దగ్గర గట్టిగా బిగించి మళ్లీ కట్టింది.

ముందు నడక నేర్పుతుందనుకున్నాను. ఆమె పడటం నేర్పింది. మోకాళ్లు వంచి పక్కకు కూలబడాలి, చేతులు ఐసు మీద పరచకుండా పిడికిలి బిగించాలి, తర్వాత మోకాళ్ల మీదికొచ్చి ఒక పాదం ముందుకు పెట్టి లేవాలి. పిల్లలందరూ కావాలని పడుతున్నారు, లేస్తున్నారు. మాది పడింది గానీ లేవలేకపోయింది. నేను గోడ మీదికి సగం ఎక్కేశాను. "సాబ్, మీరు బెంచీ మీద కూర్చోండి" అని ఆ అమ్మాయి హిందీలో అంది. గొంతు పెంచలేదు. నేను కూర్చున్నాను.

వారాలు గడిచాయి. మా పిల్ల గోడ వదల్లేదు. దానికంటే చిన్నవాళ్లు బాతుల్లా అడుగులు వేసుకుంటూ మధ్యలోకి వెళ్లిపోయారు. ఇది ఒక చేత్తో గోడ పట్టుకుని చుట్టూ తిరిగేది, అంతే. "మోకాళ్లు వంచు బిడ్డా! ముందల్కి జూడు!" అని నేను అరిచేవాణ్ని, నాకేదో వచ్చినట్టు. అరిచినప్పుడల్లా అది నా వైపు తిరిగేది, తిరిగినప్పుడల్లా పడేది. చివరికి ఆ కోచ్ అమ్మాయి నన్ను పక్కకు పిలిచి, పిల్లకు కనపడని చోట కూర్చోమంది. కూల్‌డ్రింకుల స్టాలు పక్కన ఒక స్తంభం ఉండేది. దాని వెనక నుంచి దొంగలా తొంగి చూసేవాణ్ని.

ఇంటికెళ్లాక మాత్రం సందడే. సాక్సులేసుకుని నున్నటి టైల్స్ మీద జారుతూ వాళ్లమ్మకు చూపించేది. ఒకసారి జారి సోఫా కింద దూరిపోతే నా భార్య పొట్ట పట్టుకుని నవ్వింది. "నవ్వియ్యకే మీ అమ్మను! నవ్వితె గూడ భయమైతాంది నాకు" అని మా అమ్మ వంటింట్లోంచి కేకేసింది. పిల్ల జారడం ఆపి వాళ్లమ్మ పక్కన కూర్చుంది.

ఏడో నెల నడుస్తుండగా ఒక ఆదివారం స్తంభం వెనక కూర్చుని ఉన్నాను. ఫోను మోగింది. అమ్మ.

"కొడుకా, ఉమ్మనీళ్లు పోయినయి. పక్కింటాయన కారు దీసిండు, దవాఖానకు పోతున్నం. నువ్వు సీదా ఆడికే రా. జల్దీ రా."

"ఎట్లున్నది?"

"ఏం చెప్పాలె బిడ్డా, నువ్వు రా" అని పెట్టేసింది.

ఫోను జేబులో వేసుకుని పరుగెత్తుకుంటూ గోడ దగ్గరకు వచ్చాను. గోడ పట్టుకుని తిరిగే పిల్లల్లో మాది లేదు. చూస్తే రింక్ మధ్యలో ఉంది. ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. రెండు చేతులూ ముందుకు చాపి, మోకాళ్లు వంచి, కొంచెం కొంచెంగా జారుతూ పోతోంది. నోరు తెరిచి నవ్వుతోంది. అన్నాళ్లూ నేను ఎదురుచూసింది అదే. చూడాలనిపించింది. చూసే వ్యవధి లేదు.

పిలిచాను. రింక్‌లో పెట్టిన పాటల హోరులో వినపడలేదు. గట్టిగా అరిచాను. ఈసారి తిరిగి చూసింది. నేనుండకూడని చోట నేను కనపడేసరికి ఆగిపోయింది. నవ్వు పోయింది. కాళ్లు బిగుసుకుపోయి అక్కడే నిలబడింది.

"రా బిడ్డా, పోదాం రా!"

"ఒస్తలేదు డాడీ! కాళ్లు కదుల్తలేవు!"

కోచ్ అమ్మాయి అవతలి చివర పడిపోయిన పిల్లాణ్ని లేపుతోంది. నేను గేటు తీసి తోలు చెప్పులతోనే ఐసు మీద అడుగుపెట్టాను. ఎలా పడ్డానో తెలియదు. తుంటి, మోచెయ్యి ఒక్కసారే నేలకు తగిలాయి. లేవబోతే చెప్పు జారిపోయింది. మళ్లీ లేవబోయి మళ్లీ పడ్డాను. చుట్టూ కొందరు నవ్వారు. వాళ్లకేం తెలుసు! నా కూతురు నాకు కొద్ది దూరంలో నిలబడి "డాడీ, డాడీ" అని ఏడుస్తోంది. నేను దాని దగ్గరకు పోలేను, అది నా దగ్గరకు రాలేదు. అవతల సికింద్రాబాద్ ఆసుపత్రిలో నా భార్య ఏ స్థితిలో ఉందో తెలియదు. చల్లటి నీళ్లు చొక్కాలోంచి ఒంటికి పాకుతున్నాయి.

కోచ్ అమ్మాయి రయ్యిన వచ్చి ముందు పిల్లను నడుము దగ్గర పట్టుకుని గేటు దాకా చేర్చింది. నేను చేతుల మీద, మోకాళ్ల మీద పాక్కుంటూ బయటికొచ్చాను.

"మమ్మీకి ఏమన్నా అయిందా?" అని అడిగింది నా బిడ్డ.

"ఏం కాలే" అన్నాను. దాని లేసులు విప్పబోతే ముడి ఇంకా బిగిసింది. కోచ్ అమ్మాయి కింద కూర్చుని విప్పేసింది.

కారు సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు పిల్ల మెల్లగా అంది. "డాడీ, నేను గోడ ఇడిశిన. జూసినవా?"

"జూసిన బిడ్డా. మస్తు జేసినవ్."

మేం వెళ్లేసరికే బాబు పుట్టాడు, నా భార్య బాగానే ఉందన్నారు. ఒళ్లంతా ఎర్రగా, నా అరచేతికి కొంచెం పెద్దగా ఉన్నాడు. గాజుపెట్టెలో పెట్టి గొట్టాలు తగిలించారు. బతుకుతాడా అని అడిగితే డాక్టరు "చూద్దాం" అన్నాడు. బయట కారిడార్లో కూర్చుని నా ఫోనులో ఉన్న పెద్దమనుషులందరికీ ఫోన్లు చేశాను. "చెప్పు అన్నా, ఏం గావాలె?" అని అందరూ అడిగారు. ఏం కావాలో నాకు తెలుసు. అది వాళ్లలో ఎవరి దగ్గరా లేదు. కాసేపటికి ఫోను ఆపేసి జేబులో పెట్టుకున్నాను.

చాలా వారాలు అలాగే గడిచాయి. నా భార్య రోజూ పాలు పిండి నర్సు చేతికిచ్చి, అద్దం బయట నిలబడి చూసి వచ్చేది. మా అమ్మాయిని లోపలికి రానివ్వలేదు. అది స్కేటింగ్ ఊసెత్తలేదు, నేనూ ఎత్తలేదు. బాబు బరువు ఒకరోజు పెరిగేది, ఇంకోరోజు తగ్గేది. ఎట్టకేలకు వాణ్ని గుడ్డలో చుట్టి ఇంటికి తెచ్చేసరికి ఎండలు ముదిరాయి.

వాడు కాస్త కుదుటపడ్డాక ఒక ఆదివారం మా అమ్మాయే ఐసు మీద వేసుకునే గ్లౌజులు పట్టుకుని వచ్చి నా ముందు నిలబడింది. సంతోషంగా తీసుకెళ్లాను. పై అంతస్తు చేరేసరికి షట్టరు దించి ఉంది. వాచ్‌మన్‌ను అడిగాను.

"బంద్ అయింది సార్. మిషన్ ఖరాబైంది. బాగు జేస్తరో లేదో తెల్వది."

షట్టరు సందులోంచి ఇద్దరం వంగి చూశాం. ఐసు లేదు. నేల మీద వరసగా నల్లటి పైపులు, అక్కడక్కడ నీటి మడుగులు. కిందికి దిగి కాంప్లెక్సు మేనేజరును అడిగాను, రింక్ నడిపినవాళ్ల నంబరు సంపాదించి చేశాను, తెలిసినవాళ్లను కనుక్కోమన్నాను. సిటీలో ఇంకెక్కడా అలాంటిది లేదన్నారు. నా బిడ్డ గ్లౌజులు తొడుక్కునే ఉంది.

మర్నాడు సికింద్రాబాద్ వెళ్లి చక్రాల స్కేట్లు కొనుక్కొచ్చాను, అక్కడున్న వాటిలో మంచివి. ఇంటి ముందు సిమెంటు రోడ్డు మీద అది వేసుకుని కొంచెం దూరం వెళ్లి వచ్చింది. పడలేదు కూడా. మెట్ల మీద నా భార్య బాబును ఒళ్లో పెట్టుకుని చూస్తోంది.

"ఎట్లున్నయి బిడ్డా?" అని అడిగాను.

"మంచిగనే ఉన్నయి డాడీ. గని ఇవి జారయి. దొర్లుతయి."

నన్ను నొప్పించకూడదని ఇంకో నాలుగు రోజులు వేసుకుంది. తర్వాత వాటిని మంచం కిందికి తోసేసింది.

ఆ తర్వాత సిటీకి పనిమీద వెళ్లినప్పుడల్లా ఆ పై అంతస్తు ఎక్కి చూసి వచ్చేవాణ్ని. ఒకసారి వెళ్లేసరికి షట్టరు తీసి ఉంది. ఆశగా లోపలికి నడిచాను. పరుపులు, సోఫాలు అమ్ముతున్నారు. సేల్స్ కుర్రాడు వచ్చి ఏం కావాలని అడిగాడు. ఊరికే చూడ్డానికి వచ్చానని చెప్పి దిగిపోయాను. ఆ సంగతి ఇంట్లో చాలా రోజులు చెప్పలేదు. మా అమ్మాయి కూడా అడగలేదు.