ఆ జ్వరంలో వెళ్ళిపోయింది ఎవరు

నా చిన్నప్పుడు మా ఇంట్లో 'నాయన' అనే మాట వినిపించేది కాదు. ఎప్పుడైనా ఆయన ఊసెత్తాల్సి వస్తే అమ్మ 'ఆ మనిషి' అనేది. వాళ్ళిద్దరూ విడిపోయాక నేను అమ్మతో తిరుచానూరులో అమ్మమ్మగారింట్లో ఉండిపోయాను. అన్న పలమనేరులో నాయన దగ్గర, ఆవుల మధ్య పెరుగుతున్నాడు. పసితనంలో నాకు అమ్మవారు పోసి ఒళ్ళు కాలిపోతుంటే, నాయన నన్ను వదిలేసి వెళ్ళిపోయాడని అమ్మ ఎన్నిసార్లు చెప్పిందో. విని విని, అది నేను కళ్ళారా చూసినట్టే ఉండేది. గడప దాటుతున్న ఆయన వీపు కూడా కనిపించేది.

ఒక వేసవిలో అన్న సైకిలు మీదనుంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. నాయన వాణ్ణి పుత్తూరు తీసుకెళ్ళి కట్టు కట్టించి, అక్కడే ఉన్న తన అక్క ఇంట్లో దించి, పాలు పితికేవాళ్ళు లేరని వెనక్కి వెళ్ళాడు. మరునాడే మా మేనత్త బస్సెక్కి మా ఇంటికొచ్చింది. సంగతి విని అమ్మ ఏడ్చింది. కానీ ఆ గడప తొక్కనంది. నూనెలో నిప్పట్లు కాల్చి నా చేతికిచ్చి, "ఆడ నన్ను గురించి ఏమనుకుంటారో విని రా" అని చెవిలో చెప్పి అత్త వెంట పంపింది.

అన్న నన్ను చూసి గోడవైపు తిరిగి పడుకున్నాడు. "మీ అమ్మ చేసినవి నాకొద్దు" అన్నాడు. 'మీ అమ్మ' అనేసరికి నిప్పట్లు అక్కడే పెట్టేసి దూరంగా జరిగాను. అత్త అంతా విని, అన్నం వేళకు కంచం నా ముందు పెట్టి, "వాని కుడిచెయ్యి కట్టులో ఉండాది గదా. నాకు పనుండాది, నువ్వే తినిపించు పాపా" అని పెరట్లోకి వెళ్ళిపోయింది.

నాలుగు ముద్దలు కళ్ళు మూసుకునే తిన్నాడు. ఇక ఆగలేక, "నాకు అమ్మోరు పోసినప్పుడు నన్నిడిసిపెట్టి పుట్టింటికి పోయింది మీ అమ్మ" అన్నాడు.

ముద్ద కంచంలో పడేశాను. "ఆ జరం నాది. ఇడిసిపెట్టి పోయింది మీ నాయన" అన్నాను.

ఇద్దరం అరుచుకుంటూ పెరట్లోకి పరిగెత్తి, పోయింది ఎవరో చెప్పమని అత్తను నిలదీశాం. ఆమె చేతులు తుడుచుకుని మా ఇద్దరినీ అరుగు మీద కూర్చోబెట్టింది.

"ఎవురూ పోలేదు. మీ ఇద్దరికీ ఒకేసారి పోసింది. వాళ్ళిద్దరూ మీకాడే కూర్చోనుండిరి. చెడింది ఆ తర్వాత."

"మరి అట్లెందుకు చెప్పినారు?" అన్నాడు అన్న.

"కోపంతో చెప్పినారు. నా మాట కూడా ఊరికే నమ్మాకండి. మీ నాయన సంగతి మీ నాయన్నే అడగండి. మీ అమ్మ సంగతి మీ అమ్మనే అడగండి."

ఆ రోజంతా నాకు కాలు నిలవలేదు. అత్త మాట నిజమైతే అమ్మ మాట ఏం కావాలి? ఎవరిని నమ్మినా ఇంకొకరు చేజారిపోతున్నట్టుండేది. బస్సు హారను వినిపించినప్పుడల్లా వీధిలోకి వెళ్ళి చూసి వచ్చేదాన్ని.

మరునాడు మధ్యాహ్నం నాయన వచ్చాడు. తలుపు చాటునుంచి బయటికొచ్చి, "నాకు అమ్మోరు పోసినప్పుడు నువ్వు యాడుండినావు?" అని అడిగాను.

ఆయన సంచి కింద పెట్టాడు. "నీ కాళ్ళకాడే పాపా. యాపమండతో విసురుతా ఉండినా" అన్నాడు. ఆ ప్రశ్న ఎక్కడినుంచి వచ్చిందో అర్థమై మొహం ఎర్రబడింది. "మీ అమ్మ..." అని మొదలుపెట్టాడు.

"చాల్లేరా. అడిగినదానికి చెప్పినావు గదా" అంది అత్త. ఆయన అన్న కట్టు చూడటానికి లోపలికి వెళ్ళాడు.

నేను బయల్దేరేటప్పుడు అన్న ఎడమచేత్తో నిప్పట్టు తీసుకుని కొరికాడు. నా వైపు చూడకుండానే, "అమ్మ ఎట్లుండాది?" అన్నాడు.

ఇంటికొచ్చి, అన్నకు జ్వరమొచ్చినప్పుడు ఎక్కడున్నావని అమ్మనూ అడిగాను. ఆమె లేచి వంటింట్లోకి వెళ్ళింది. మళ్ళీ ఎన్నడూ ఆ కథ నాకు చెప్పలేదు. అది అబద్ధమని ఒప్పుకోనూ లేదు. అమ్మా నాయనా మళ్ళీ కలవలేదు గానీ, మరుసటి వేసవిలో అన్న ఒంటరిగా బస్సు దిగి మా గడపలో నిలబడ్డాడు.

ఇప్పుడు నా కొడుకూ కోడలూ వేరుగా ఉంటున్నారు. మనవరాలు మా దగ్గరుంది. కోడలి మీద మాట నాలుక చివరిదాకా వస్తుంది. లేచి వంటింట్లోకి వెళ్ళి, సర్దిన గిన్నెలే మళ్ళీ సర్దుతాను. మొన్న ఆ పిల్ల, "అవ్వా, మమ్మీకి నేనొద్దా?" అంది. చెప్పడానికి నా దగ్గర చాలానే ఉంది. ఫోను తీసి వాళ్ళమ్మకు కలిపి దాని చేతిలో పెట్టాను. "నువ్వే అడుగు తల్లీ" అని బయటికొచ్చాను. ఏం మాట్లాడుకుంటున్నారో వినాలని మనసు పీకుతూనే ఉండింది. వినకుండా నిలబడటం ఈ వయసులోనూ నాకు కష్టమే.