గుద్దుకుంటే చల్లబడే వాయువు: గండికోటలో ఒక పగలు

మా అమ్మాయి హారికకు దూరపు ఊళ్లో ఐదేళ్ల పరిశోధన సీటొచ్చింది. చేరేదీ లేనిదీ సోమవారంలోగా చెప్పాలి. అంతరిక్షంలో వాయువు ఎలా చల్లబడుతుందన్నది దాని విషయం. "నువ్వు అర్థం చేసుకొని చెప్పు, అప్పుడు పంపుదాం" అని మా ఆయన నా మీద పెట్టేశారు. ఇంట్లో కుదురుగా వినడం కుదరదని గండికోటకు బయలుదేరాం.

కర్నూలులో ఉదయం ఆరింటికి బస్సెక్కి, బనగానపల్లె, కోవెలకుంట్ల మీదుగా పదిన్నరకు జమ్మలమడుగులో దిగాం. ఇద్దరికీ ఛార్జీ నాలుగు వందల లోపే. అక్కడి నుంచి కోటకు ఆటో, పోను రాను ఏడు వందలు. దారిలో హారిక మొదలుపెట్టింది. అణువులు గుద్దుకున్నప్పుడు వాటి వేగంలో కొంత ఒక అణువు లోపలికి చేరుతుందట. కాసేపటికి ఆ అణువు దాన్ని వెలుగుగా వదిలేస్తుందట. వెలుగు వెళ్లిపోతే అంత వేడీ పోయినట్టేనట.

ఆటో అతను వెనక్కి తిరిగాడు. "నా ఆటోలో పదిమందినెక్కిస్తే గుద్దుకుంటారు గానీ, సల్లబడినోడు ఒక్కడూ లేడు పాపా. కొట్టుకుంటారు!"

నాకూ అదే సందేహం. చేతులు రుద్దుకుంటే వేడెక్కుతాయి కదా?

కోటలో మసీదు దాటి పెన్నా లోయ అంచున, బండ నీడలో కూర్చున్నాం. చల్లబరిచేది గుద్దుకోవడం కాదు, ఆ తర్వాత వెలుగు బయటికి పోవడమని హారిక మళ్లీ చెప్పింది. "అట్లయితే అణువులు దగ్గరదగ్గరగా ఉంటే ఇంకా ఎక్కువ గుద్దుకొని, ఇంకా బిరీన సల్లబడాల కదే?" అన్నాను.

"కొంతవరకేమ్మా. మరీ ఇరుకైతే, వెలుగు వదిలేలోగానే ఇంకోటొచ్చి గుద్ది ఆ శక్తిని లాగేసుకుంటాది. వేడి లోపలే ఉండిపోతాది."

"మళ్లీ మొదటికొచ్చిందే! ఆ హద్దు యాడుండాది?"

హారిక నవ్వింది. "ఒక్కో అణువుకు ఒక్కో తీరు. కొన్నిటికి ఇంకా ఎవరికీ సరిగా తెలీదు. నేను పోతాననేది దానికేమ్మా."

అక్కడి నుంచే మా ఆయనకు ఫోన్ చేశాను.

"అర్థమయిందా?"

"లేదు. పంపిద్దాం."

"అర్థం కానిదానికి ఐదేండ్లా?"

"అందరికీ అర్థమయిండింటే, అది పోవాల్సిన పనేముండాది?"

"హాస్టలు ఉంటాదా, కనుక్కో" అన్నారాయన.

ఇల్లు చేరాక కూడా ఆ గుద్దులాట నాకు సగమే తలకెక్కింది. ఒక్కోసారి అర్థమైనట్టే ఉంటుంది, బియ్యం కడిగేలోగా జారిపోతుంది. అయినా సోమవారం దాకా ఆగలేదు, ఆ రోజే హారిక చేరతానని రాసేసింది. మీరు గండికోటకు వెళ్లేటట్టయితే మంచినీళ్లు జమ్మలమడుగులోనే నింపుకోండి. లోయ అంచున రాళ్లు తప్ప ఏమీ దొరకవు.