జమ్ని వీడియో కాల్

రుద్రంగి దగ్గరి తండాలో నెట్ రావాలంటే గుట్టమీది బండ ఎక్కాల్సిందే. జమ్ని ముసలి మోకాళ్లు పట్టుకుని అది ఎక్కేది మల్లాపూర్ వైపు తండాలో ఉన్న చెల్లెలు కేళీకి వీడియో కాల్ చేయడానికే. లంబాడా ఆడవాళ్లు చాన్నాళ్లకు కలిస్తే ముందు వాటేసుకుని, రాగం తీసి ఏడ్చాకే మాటలు. జమ్ని ఫోన్‌నే రవికె అద్దాలకు హత్తుకుని ఏడుస్తుంది. ఏడుపు తీరేలోగా నెట్ పోతుంది.

నిన్న మాత్రం, "ఇయ్యాల ఏడువకు దాదీ, ముందుగాల నా పెండ్లి తారీఖు చెప్పు" అని మనవరాలు ఒట్టు వేయించుకుని పంపింది. జమ్ని పెదవి బిగబట్టి, "కేళీ, పోరి పెండ్లి..." అని మొదలుపెట్టింది. "ఏడుస్తలేవేంది బాయీ? నా మీద కోపమొచ్చిందా?" అని అక్కను అడిగింది కేళీ. ఇక ఒట్టెక్కడిది! జమ్ని ఫోన్‌ను గుండెకు హత్తుకుంది. కిందికి దిగాక మనవరాలు అడిగితే, "తారీఖుదేముంది, రేపు చెప్త. ఇయ్యాలైతే కలిసినం" అంది.