కూర వార్చిన నీళ్లు

మా ఆవిడ టీచరుగా రిటైరైన ఏడాది, క్రిస్మస్ కేకులు ఇంట్లోనే చేసుకోవచ్చని ఒక ఓవెన్ కొన్నది. రెండు క్రిస్మస్‌లకి అమలాపురంలో మా వీధిలో సగం ఇళ్లకి ఆమె చేసిన కేకే వెళ్లింది. పోయిన వేసవి నుంచి మాత్రం ఆ ఓవెన్లో కూరగాయలు తప్ప మరేమీ పెట్టలేదు. పెట్టేది నేను.

ఆమెకి పాతికేళ్లుగా షుగరు. కాళ్లు వాస్తున్నాయని కాకినాడ తీసుకెళ్తే డాక్టరు పరీక్షలు చేయించారు. కాగితాలు వచ్చాక, మరోసారి రక్తం ఇవ్వమని ఆమెను పక్క గదిలోకి పంపి, నాతో విషయం చెప్పారు. కిడ్నీలు చాలావరకు దెబ్బతిన్నాయి.

"జాగ్రత్తగా ఉంటే డయాలసిస్‌ని కొన్నాళ్లు వెనక్కి నెట్టొచ్చు. రక్తంలో పొటాషియం పెరక్కూడదు. అది కూరగాయల్లో ఉంటుంది. చిన్న ముక్కలు తరిగి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోసి అప్పుడు వండండి. కొబ్బరి నీళ్లు చుక్క కూడా వద్దు."

ఆమె మోచేతి దగ్గర దూది అదుముకుంటూ బయటికి వచ్చింది.

"ఏమన్నారు?"

"ఉప్పు బాగా తగ్గించమన్నారు. కూరలు మెత్తగా ఉడికించి వండాలట."

నేను పనిచేసిన పత్రికలో వార్తకి చోటు చాలకపోతే చివరి పేరాలు తీసేయడం మాకు అలవాటు. ఆ రోజు నేను మొదటి పేరాయే తీసేశాను. భయపడుతుందని అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే, ఆమె భయాన్ని చూడవలసి వస్తుందని భయపడింది నేనే.

తనే వండితే ఎందుకు, ఏమిటని అడుగుతుంది. అందుకని ఇకమీదట రాత్రి కూర నేనే చేస్తానన్నాను. టీ కూడా సరిగా పెట్టడం రాని మనిషి అలా అనేసరికి ఆమె నవ్వింది గానీ అడ్డు చెప్పలేదు.

సొరకాయ, క్యాబేజీ, బీన్స్, కేరట్ చిన్న ముక్కలుగా తరిగేవాణ్ణి. పెద్ద గిన్నెలో నీళ్లు మరిగించి ముక్కలు వేసి, సగం పైగా ఉడికాక చిల్లుల గిన్నెలోకి వార్చేవాణ్ణి. అలా ఉడికిన ముక్కల్ని మళ్లీ మూకుట్లో వేసి గరిటె తిప్పితే గుజ్జయిపోతాయి. మొదటి రెండు రోజులూ అదే జరిగింది. ఓవెన్లో అయితే గరిటె అక్కర్లేదు. మూత ఉన్న గాజు గిన్నెలో ఉల్లిపాయ చక్రాలు పరిచి, వాటిమీద ముక్కలు, దంచిన వెల్లుల్లి, మిరియాల పొడి, చెంచాడు నూనె వేసి, కాస్త బియ్యప్పిండి కలిపిన నీళ్లు పోసి లోపల పెడితే, ముప్పావు గంటకి ముక్క విరగకుండా చిక్కటి రసంతో తయారయ్యేది. మా ఇళ్లల్లో దాన్ని ఇష్టూ అంటారు. మా అత్తగారు చేసే ఇష్టూలో కొబ్బరిపాలు పడేవి. నా దానిలో పడవు.

ఇష్టూ చేసిన మొదటి రోజు ఒక ముద్ద తిని మా ఆవిడ నా వైపు చూసింది.

"తినేముందు స్తోత్రం చెప్పుకోవడం మామూలేనండీ. దీనికి తిన్నాక కూడా చెప్పుకోవాలి."

"ఎందుకూ?"

"గండం గడిచినందుకు."

వారం తిరక్కుండానే ఆమె పక్కనే చారు పెట్టడం మొదలుపెట్టింది. మీ కూర లోపలికి దిగాలంటే ఏదో ఒకటి ఉండాలి కదా అంది. చారులో ఉప్పు నామమాత్రమే. మిరియాలు, జీలకర్ర, వెల్లుల్లి. చాలా బాగుండేది. నేను రెండు గ్లాసులు తాగేవాణ్ణి, ఆమె కూడా. ఏం తింటోందో రోజూ ఒక నోటుబుక్కులో రాసేవాణ్ణి. అందులో ప్రతి రాత్రీ 'చారు' అని ఉంది. చారు దేనితో పెడుతున్నావని నేను అడగలేదు.

కొబ్బరి నీళ్ల సంగతి మాత్రం గట్టిగా చూసుకున్నాను. మా వైపు ఒంట్లో బాగోలేదంటే చాలు, చూడ్డానికి వచ్చేవాళ్లు బొండాలు తెస్తారు. ఎదురింటావిడ వారానికి రెండుసార్లు తమ చెట్టువి దింపించి తెచ్చేది. మా ఆవిడ వేసుకునే బిళ్లలకి పడవని చెప్పి ఆపించాను.

రెండు నెలల తరవాత అమలాపురంలోనే రక్తపరీక్ష చేయించి, కాగితాలు పట్టుకుని నేనొక్కణ్ణే కాకినాడ వెళ్లాను. పొటాషియం తగ్గలేదు సరికదా, పెరిగింది. డాక్టరు నా నోటుబుక్కు తిరగేసి పక్కన పెట్టారు.

"రాసింది బాగానే ఉంది. రాయనిదేదో తాగుతున్నారు. కొబ్బరి నీళ్లేమో చూడండి. ఇలాగే ఉంటే వచ్చే నెలలోనే డయాలసిస్ మొదలుపెట్టాల్సి రావచ్చు."

తిరుగు ప్రయాణమంతా ఎదురింటావిడే కళ్లముందు ఉంది. ఇంటికి వెళ్లకుండా నేరుగా వాళ్ల గేటు దగ్గరికే వెళ్లాను.

"నేను ఇంట్లో లేనప్పుడు బొండాలు ఇస్తున్నారా అండీ?"

ఆవిడ చేతిలో చీపురు అలాగే ఆగిపోయింది.

"మీరు వద్దన్న కాణ్ణించీ ఒక్కటి తెచ్చేనేమో వదినగారినే అడగండి, అన్నయ్యగారూ. మా చెట్టు కాయలు చేదయ్యేయా అని మా ఆయన అంటే కూడా, డాక్టరుగారు వద్దన్నారటండీ అని సర్ది చెప్పేను."

"వద్దన్నా తెచ్చేవాళ్లు ఉంటారు."

"ఉంటారండీ. నేను కాదు."

అని లోపలికి వెళ్లి తలుపు దగ్గరికి వేసుకుంది.

మర్నాడు సాయంత్రం మామూలుగానే ముక్కలు వార్చాను. మరుగుతున్న నీళ్లు సింకులో పోస్తే కింద ప్లాస్టిక్ గొట్టం మెత్తబడుతుందని, చల్లారాక పారబోద్దామని రోజూ ఆ గిన్నె గట్టుమీద వదిలేవాణ్ణి. ఓవెన్ పెట్టి వరండాలోకి పోయేవాణ్ణి. తిరిగి వచ్చేసరికి గిన్నె కడిగి బోర్లించి ఉండేది. ఆ రోజు కళ్లజోడు మరిచిపోయి వెనక్కి వచ్చాను. ఆమె పోపు వేసి, ఆ గిన్నెలో నీళ్లు అందులోకి వంపుతోంది.

"ఏం చేస్తున్నావు?"

"చారు."

"ఆ నీళ్లతోనా?"

"మరి? రోజూ వీటితోనే. పప్పు కట్టుతో పెట్టుకోమా, ఇదీ అంతే. సారమంతా ఇందులోకి దిగుతుంటే పారబోస్తామా ఎక్కడన్నా? మీకు తెలీదని నేనే..."

నా ముఖం చూసి ఆగిపోయింది. స్టవ్ కట్టేసింది.

అక్కడే, వంటింట్లో నిలబడే చెప్పాను. పొటాషియం, పారబోయాల్సిన నీళ్లు, రెండుసార్లు వచ్చిన కాగితాలు, డయాలసిస్. చెప్పడానికి అయిదు నిమిషాలు పట్టలేదు. రెండు నెలలు దాచింది అంతే.

ఆమె పోపు గిన్నె దించి పక్కన పెట్టింది. తరవాత స్కూల్లో పిల్లల్ని అడిగే గొంతుతో అడిగింది.

"నీళ్లు ఎందుకు వార్చాలో ఒక్క ముక్క చెప్తే నేను వాడేదాన్నా?"

"వాడేదానివి కాదు."

"రెండు నెలలు మీ చేత్తో తీసేసింది నా చేత్తో నేను తాగేనండీ."

ఆ రాత్రి ఇష్టూ ఇద్దరం చారు లేకుండా తిన్నాం. ఆమె వేళాకోళం ఏమీ చెయ్యలేదు. అది నాకు ఎక్కువ కష్టంగా ఉంది.

పొద్దున్నే ఎదురింటికి వెళ్లి పొరపాటు పడ్డానని చెప్పాను. పోన్లెండి అన్నయ్యగారూ అంది ఎదురింటావిడ. ఇప్పుడు మా ఇంటికి వస్తే వరండా దాటి లోపలికి రాదు.

మూడు వారాలకి మళ్లీ పరీక్ష. ఈసారి ఇద్దరం వెళ్లాం. డాక్టరు కాగితాలు చూసి, అమ్మా, మీరు కాసేపు బయట కూర్చోండి అన్నారు.

"నాకే చెప్పండి, డాక్టరుగారూ. కావాలంటే ఈయన్ని కూర్చోబెట్టండి బయట" అంది మా ఆవిడ.

ఆయన ఆమె వైపు కుర్చీ తిప్పుకున్నారు. పొటాషియం తగ్గింది. కానీ కిడ్నీలు ఇంకాస్త దెబ్బతిన్నాయి. డయాలసిస్ ఈ నెలలో అక్కర్లేదు గానీ, దానికోసం చేతి నరాన్ని సిద్ధం చేసే చిన్న ఆపరేషన్ ముందే చేయించి ఉంచుకోవాలి. ఏ చెయ్యి అని ఆమె అడిగింది. ఎడమచెయ్యి అన్నారు. గాజులు వేసుకోవచ్చా అని అడిగింది. ఆ చేతికి వద్దన్నారు. ఆమె తల ఊపింది.

తిరుగు బస్సు యానాం వంతెన మీదికి వచ్చేసరికి ఆమె ఎడమచేతి గాజులు తీసి ఒళ్లో పెట్టుకుంది. మణికట్టు దగ్గర నరం వెంట వేలితో తడుముకుంటోంది. నేను కిటికీ వైపు తిరగబోయి ఆగాను.

"భయంగా ఉందా?" అని అడిగాను.

"ఉందండీ" అంది.