నెపం ఉపవాసం మీద వేశాను

మా అమ్మాయి ఎస్తేరు మొదటిసారి పడిపోయింది శ్రమకాలం ఉపవాసాల్లో. కానిస్టేబుల్ సెలెక్షన్ కోసం లక్సెట్టిపేటలో కాలేజీ గ్రౌండుకు రోజూ వెళ్లి పరిగెత్తేది. ఆ రోజు మూడో రౌండులో ఉన్నట్టుండి ముందుకు పడింది. మోకాళ్లు, గడ్డం చెక్కుకుపోయాయి. నేను వెళ్లేసరికి లేచి కూర్చుని నీళ్లు తాగుతోంది.

మాది మెథడిస్టు సంఘం. ఈస్టర్‌కు ముందు నలభై రోజుల శ్రమకాలంలో పగలంతా తినకుండా ఉండి, సాయంత్రం ప్రార్థన అయ్యాక తింటాం. ఖాళీ కడుపుతో పరిగెత్తితే కళ్లు తిరగవా? నాకు అనుమానమే రాలేదు.

ఊళ్లో డాక్టరు దగ్గర ఎస్తేరు, "సార్, పడకముందు ఛాతీల..." అని మొదలుపెట్టింది. నేను మధ్యలో అందుకున్నాను. "ఉపవాసం ఉంటుంది సార్, ఇరువై రోజుల సంది. గంతే."

నేను అంగన్‌వాడీ టీచర్ని. మాటలు రాని పిల్లల తరఫున మాట్లాడి మాట్లాడి, ఆ అలవాటును ఇంటికీ తెచ్చుకున్నాను. డాక్టరు ఈసీజీ తీసి, నార్మల్ అని చెప్పి, సెలైన్ ఎక్కించి పంపారు.

సంఘంలో ఆడవాళ్లదీ అదే మాట. పాస్టర్ అయ్యగారు మాత్రం, "ఉపవాసం బంద్ చేయమను బిడ్డను. దేవుడేం కోపానికి రాడు" అన్నారు. మానేసింది. ఈస్టర్ కూడా అయిపోయింది. రెండు వారాలకు, పొద్దున తిని, మధ్యాహ్నం తిని, సాయంత్రం పరుగుకు వెళ్లి మళ్లీ పడింది. ఈసారి ఎంతకీ లేవలేదు. తోటి అమ్మాయిలు ఛాతీ మీద నొక్కితే తెలివి వచ్చిందట. ఇక చెప్పుకోవడానికి నాకు ఏ నెపమూ మిగల్లేదు.

కరీంనగర్‌లో గుండె డాక్టరమ్మ ముందు నేను నోరు తెరవబోతే ఆమె చెయ్యి అడ్డం పెట్టారు. "మీరు జర ఆగున్రి అమ్మా. ఏమైందో ఆమెనే చెప్పనియ్యున్రి." తర్వాత ఎస్తేరును అడిగారు. "ఉరుకుతుంటె పడ్డవా, ఆగినంక పడ్డవా?"

"ఉరుకుతుంటెనే మేడం. ఛాతీల గట్టిగ పట్టినట్టయితది. మూడు నెలల సంది గిట్లనే ఉన్నది."

మూడు నెలలు! "నాకెందుకు చెప్పలేదే?" అన్నాను.

"చెప్పనిస్తివా అవ్వా?" అంది.

ఈసీజీ మళ్లీ నార్మల్. టూడీ ఎకో స్కానులో గుండె నాళాల మొదలు సరిగ్గా కనబడలేదని, వాటిని చూపించే సీటీ కరొనరీ యాంజియో రాశారు. గుండె వేగం తగ్గడానికి మాత్ర ఇచ్చి, చేతికి సూది పెట్టి లోపలికి తీసుకెళ్లారు. మర్నాడు డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసి చూపించారు. గుండె నుంచి ఒంటికి రక్తం మోసే పెద్ద నాళం అయోర్టా. గుండెకే రక్తమిచ్చే కరొనరీ నాళాలు దాని మొదట్లోనే పుడతాయి, కుడిది కుడివైపు, ఎడమది ఎడమవైపు. ఎస్తేరుకు ఎడమది కూడా కుడివైపే పుట్టి, అయోర్టాకూ ఊపిరితిత్తులకు పోయే నాళానికీ నడుమ దూరి వస్తోంది. కూర్చుంటే ఏమీ కాదు. పరిగెత్తితే ఆ ఇరుకులో నొక్కుకుపోయి గుండెకు రక్తం అందదు.

"దీన్ని అనామలస్ లెఫ్ట్ కరొనరీ అంటరు. పుట్టుకతోనే ఉన్నది, మీ తప్పేం లేదు. కని ఇగ ఉరుకుడు బంద్. ఆపరేషన్ చెయ్యాలె" అన్నారు.

పుట్టుక నా తప్పు కాదు. నా బిడ్డ నోరు మూయించింది మాత్రం నేనే.

హైదరాబాద్‌లో ఓపెన్ హార్ట్ సర్జరీ చేసి నాళం మొదలును సరిచేశారు. ఇంటికి వచ్చి కుదుటపడుతోందనుకుంటుండగా జ్వరం, ఆయాసం పట్టుకున్నాయి. గుండె చుట్టూ నీరు చేరిందని మళ్లీ చేర్చుకున్నారు. ఆ నాలుగు రోజులు నాకు ప్రార్థన కూడా రాలేదు. మా ఆయనే చేశాడు.

ఏడాది దాటింది. ఎస్తేరు ఇప్పుడు గంటసేపు నడుస్తుంది. పోలీసు ఆశ వదులుకున్న రోజు బాగా ఏడ్చింది. ఇప్పుడు ఆఫీసు ఉద్యోగాల పరీక్షలకు చదువుతోంది.

నాలాంటి తల్లులకు ఒక్కటే చెబుతాను. పిల్లలు పడిపోతే, ఏం చేస్తూ పడ్డారో డాక్టరుకు చెప్పండి, ఎందుకు పడ్డారో మీరు తేల్చకండి. పరిగెత్తుతూ పడితే, ఈసీజీ నార్మల్ వచ్చినా గుండె డాక్టరుకు చూపించండి. నోరున్న పిల్లలను వాళ్ల నోటితోనే చెప్పుకోనివ్వండి.

మొన్న చెకప్‌లో డాక్టరమ్మ, "ఎట్లున్నవ్ బిడ్డా?" అని అడిగితే ఎస్తేరు ముందు నా వంక చూసింది. నేను పెదవి కదపలేదు. కాసేపటికి తనే చెప్పడం మొదలుపెట్టింది. గుండె నొక్కుకుపోతుందేమోనని, ఎడమ పక్కకు తిరిగి పడుకోవాలంటే నా బిడ్డకు ఇంకా భయమని నాకు ఆ రోజే తెలిసింది.