నూట పద్దెనిమిదో మెట్టు

ఇరవై ఆరేళ్లు గైడుగా రోజుకు నాలుగుసార్లు కోట బురుజెక్కి దిగిన మనిషి, మూడేళ్లుగా చక్రాల కుర్చీలో ఉలుకూ పలుకూ లేకుండా కూర్చున్నాడు. అన్నం పెడితే తింటాడు, పెట్టకపోతే అడగడు. నూట పద్దెనిమిదో మెట్టు రాయి కదిలి పడ్డాడు. నడుము కింద చచ్చుబడింది. ఆ రాయి ఊగుతోందని అంతకుముందే ఏడు అర్జీలు పెట్టుకున్నాడు. ఆయన రాత కోడిగీకుడు గనక ఏడూ భార్యే రాసింది. ఆఫీసు మహానుభావులు ఏడింటికీ ‘పరిశీలిస్తాం’ అన్నారు. శుభ్రంగా పరిశీలించారు లెండి! ఆయన పడ్డాక కూడా రాయి చుట్టూ తాడు కట్టి ఊరుకున్నారు.

ఇప్పుడు మెట్లెక్కలేనివాళ్ల కోసం కోట కింది గదిలో ఒక పెద్ద కళ్లజోడు పెడుతున్నారు. తగిలించుకుంటే, కూర్చున్నచోటే కోటంతా ఎక్కినట్టు ఉంటుందట. తెరిచేముందు చూసి తప్పులు చెప్పమని ఈయనకే కబురు పెట్టారు. అక్కడ రాయి రాయి తెలిసినవాడు ఇంకెవడున్నాడు?

“ఒక్కసారి పైదాకా చూస్తే మళ్లీ మనిషవుతారు” అని భార్య వారం రోజులు చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. సరేనన్నాడు, కాదనే ఓపిక లేక. ఆశంతా ఆవిడదే.

కోటంతా తిరిగి కెమెరాతో తీసిన అమ్మాయే కళ్లజోడు తగిలించింది. మెట్లు కదిలాయి.

“ఈ మలుపులో తల వంచుకోమని చెప్పాలమ్మా, కమాను తగులుతుంది” అన్నాడాయన.

అడగకుండా నోరు విప్పాడు! భార్య మొహం చేటంత అయింది.

కాసేపటికి, “ఆపు” అన్నాడు. “ఇక్కడ కొత్త రాయి ఉందే. ఎప్పుడేశారు?”

“షూటింగుకి ముందురోజు బాబాయ్. పాతది ఊగుతోందని ఫోన్ చేశాను. సాయంత్రానికల్లా వేసేశారు. కెమెరా పడితే ఇంకేమైనా ఉందా!”

ఆ పిల్లకేం తెలుసు పాపం. భార్య మొహంలో నెత్తురుచుక్క లేదు. 

తనకు కోపం వస్తుందేమోనని ఆయన చూసుకున్నాడు. రాలేదు. ఏడుపైనా రాలేదు. కానివ్వమన్నాడు. బురుజు పైదాకా వెళ్లి, నాలుగు దిక్కులూ చూసి, దిగి వచ్చాడు.

“ఎలా ఉంది బాబాయ్? తెరవొచ్చా?”

“తెరవండమ్మా” అన్నాడు. “మెట్లన్నీ గట్టిగానే ఉన్నాయి.”