పొడుగాటి ఎడమ మీసం

ఆళ్లగడ్డ దగ్గర మా ఊళ్లో యేసుదాసు రెండెకరాలు కౌలుకు చేస్తాడు. నారు పోసే ముందు విత్తనాల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసుకుంటాడు. పంట ఎట్లున్నా కౌలు గింజలు కొలవాల్సిందే. అవి కొలిచినాక ఇంటికి తిండిగింజలు మిగలాలనేదే ఆయన చింత.

ఈసారి ఏ వరి విత్తనం వెయ్యాలో తేలక రైతు కేంద్రానికి పోయినాడు. నంద్యాల నుంచి రోజూ బస్సులో వచ్చే బ్లెస్సీ అక్కడ పని చేస్తుంది. పోయినేటి దిగుబడులను రెండు బొమ్మలుగా గీసి గోడకు అంటించింది. పాత విత్తనానికొకటి, కొత్తదానికొకటి. అడ్డంగా ఒక పెట్టె, దాని నడుమ గీత, అటూ ఇటూ మీసాలు. కుడివైపుకు పోయేకొద్దీ దిగుబడి ఎక్కువ.

"కొత్తదానికి ఎడమ మీసం ఇంత పొడుగుందేమ్మా. శానామంది దెబ్బ తినినట్టుండారే" అన్నాడు యేసుదాసు.

"పొడుగుంటే ఎక్కువమందని కాదు పెద్దనాయనా. రాండి, చూపిస్తా."

పోయినేడు కొత్త విత్తనం వేసినవాళ్లు ఆ పూట అక్కడ ఎనిమిది మంది ఉన్నారు. బయట కరెంటు స్తంభం దగ్గర మొదలుపెట్టి, ఎకరాకు పండిన బస్తాకొక అడుగు వెయ్యమంది బ్లెస్సీ. నడిమివాళ్లు ఒకచోటే గుంపయినారు.

"జరుగప్పా, కాలు తొక్కుతాండావ్."

ప్రభాకర్ మాత్రం ఎనకనే ఆగిపోయినాడు. "ఏం ప్రభాకరా, స్తంభానికి కాపలానా?" అన్నారెవరో. అందరితో పాటు ఆయనా నవ్వినాడు.

బ్లెస్సీ కట్టెతో నేల మీద ఇద్దరిద్దరిని వేరు చేస్తూ మూడు గీతలు గీసింది. "మొదటి గీత నుంచి మూడో గీత దాకా పెట్టె. బయట మిగిలినవి మీసాలు. ఏ ముక్కలో అయినా ఇద్దరే. స్తంభం వైపుండే ఎడమ మీసంలో ఇద్దరి నడుమ దూరం ఎక్కువ, అంతే."

"నడిమి గీత పాతదానికన్నా ముందుండాది. కొత్తదే మేలు" అన్నాడు వెంకటేశ్వర్లు. ఆయన భూమి కాలువ మొదట్లోనే ఉంది.

"నీకు మేలేన్నా" అని యేసుదాసు స్తంభం నుంచి తనూ అడుగులేసినాడు. కౌలుకూ తిండికీ సరిపోయేన్ని బస్తాల లెక్క కాడ ఆగినాడు. ప్రభాకర్ ఇంకా చాలా ఎనకున్నాడు.

"నీకేమైందప్పా?"

"కాలువ చివర గదన్నా. వెన్ను తీసేటప్పుడు నీళ్లు రాలే. ఈ విత్తనం తట్టుకోలే."

యేసుదాసు మడి కూడా ఆ చివరదే. బ్లెస్సీ వైపు తిరిగినాడు.

"పాతదాని ఎడమ కొస యాడికొస్తుందమ్మా?"

బ్లెస్సీ గోడ మీది బొమ్మ చూసి వచ్చి, ఆయన్ను దాటి రెండడుగులు ముందుకుపోయి నిలబడింది. "ఈడికి. పాతది ఎవరికీ ఇంతకన్నా తగ్గలే. కానీ ఇది పోయినేటి మాట పెద్దనాయనా. ఈయేడూ ఇట్లే అని చెప్పలేను."

"అది దేవుని చేతిలో ఉందిలేమ్మా. నేను చూసుకోవాల్సింది నేను చూసుకుంటి."

వెంకటేశ్వర్లు కొత్తది రాయించుకున్నాడు. బ్లెస్సీ ఎవరినీ తప్పు పట్టలేదు. యేసుదాసు పాత విత్తనం సంచిని సైకిలుకెత్తుకుంటుంటే ప్రభాకర్ వచ్చి ఒక కొస పట్టినాడు. సంచి కుదురుకున్నాక లోపలికి తిరిగి, "నాకూ అదే రాయమ్మా" అన్నాడు.